చూపుకూ బ్రేకుకూ నడుమ



నల్లగొండ, పాలమూరు సీమలగుండా రెండు పెద్ద రహదారులు పోతున్నవి. ఒకటి హైదరాబాదు నుండి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి. చౌటుప్పల్, చిట్యాల, నార్కెట్‌పల్లి, కట్టంగూరు, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ దీని మజిలీలు. రెండవది బెంగుళూరు వైపు పోయే 44వ నంబరు రహదారి. ఇది షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూరు, కొత్తకోట, పెబ్బేరు మీదుగా సాగి, బీచుపల్లి వద్ద కృష్ణను దాటి, అలంపురం చౌరస్తా గడచి, తుంగభద్ర ఒడ్డుకు చేరుతుంది. 2016లో పాత జిల్లాలు రెండూ పలు జిల్లాలుగా విడిపోయినవి గాని, రోడ్డు మాత్రం విడిపోలేదు. రాత్రింబవళ్లు దానిమీద బస్సులు, లారీలు, కార్లు సాగుతూనే ఉంటవి. వాటి ప్రక్కనే మన ఊళ్ల సైకిళ్లు, మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు, గొర్రెల మందలు, బడికి పోయే పిల్లలు.

ఈ రోడ్లు రాకమునుపు ఈ చల్క నేలలలో ప్రయాణమంటే ఎడ్లబండి. అది గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచిన గొప్ప. సంత నుండి తిరిగివచ్చే రైతు బండిలో నడుము వాల్చి కన్ను మూసినా ఎడ్లు దారి తప్పక ఇల్లు చేర్చేవి. ఎడ్లకు తమ కండ్లు తమకున్నవి. గోతిని అవే చూసుకొనేవి, ఎదురు బండికి అవే తప్పుకొనేవి. మోటారు బండికి ఆ కండ్లు లేవు. దానికి నూరు గుర్రాల బలమున్నది గాని, ఒక గుర్రపు తెలివి లేదు. చూడవలసినదంతా నడిపేవాడే చూడవలెను. చూచినదానికి తగినట్లు చేయి, కాలు కదలించవలసినదీ అతడే. చూచుటకూ, కదలించుటకూ నడుమ కొంత వ్యవధి ఉన్నది. దానిని శాస్త్రజ్ఞులు ప్రతిస్పందన కాలమంటారు. నేడు మనము ముచ్చటించుకోబోయేది ఆ చిన్న వ్యవధిని గురించే.

ఇట్టి వ్యవధి ఒకటి ఉన్నదని మానవుడు చాలాకాలం గుర్తించలేదు. చూపు, తలపు, చేత మూడూ ఒకే క్షణంలో జరుగుతవని నమ్మేవారు. ఈ నమ్మకానికి మొదటి దెబ్బ తగిలినది రోడ్డుమీద కాదు, నక్షత్రశాలలో. 1796లో ఇంగ్లండులోని గ్రీనిచ్ నక్షత్రశాలాధిపతి మాస్కెలిన్ తన సహాయకుడు కిన్నెబ్రూక్‌ను ఉద్యోగం నుండి తొలగించినాడు. దుర్భిణిలోని తీగను నక్షత్రం దాటే క్షణాన్ని గుర్తించుటలో ఆ సహాయకుని లెక్కకూ, దొరవారి లెక్కకూ సెకనులో ఎనిమిది పదవ వంతుల తేడా వచ్చినదట. అది అజాగ్రత్త అని తీర్మానించినారు. సుమారు పాతికేళ్ల తరువాత బెస్సెల్ అనే జర్మను ఖగోళజ్ఞుడు ఆ సంగతి చదివి, తనను ఇతరులతో పోల్చి చూచుకున్నాడు. ఏ ఇద్దరి లెక్కా ఒకటి కాలేదు. అంటే అది ఆ సహాయకుని దోషం కాదు. మనిషి దేహానికే కొంత ఆలస్యం ఉన్నది; అది ఒక్కొక్కరికి ఒక్కొక్క రీతిగా ఉన్నది.

తరువాత 1850లో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు కప్ప కాలి నరాన్ని తీసుకొని, నరంలో వార్త ఎంత వేగంగా పోతుందో కొలిచినాడు. మెరుపు వేగంతో పోతుందని అందరూ అనుకొన్నారు. తేలినది సెకనుకు ఇంచుమించు 27 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాటే దూరం దాదాపు 28 మీటర్లు. కప్ప నరంలో వార్త నడిచే వేగమూ, కొత్తకోట దారిన పోయే కారు వేగమూ ఒక్కటే! మనిషి నరాలు ఇంతకంటె చురుకైనవే. అయినా వార్త మెదడుకు చేరవలెను. అది ఏమిటో మెదడు పోల్చుకోవలెను. ఏమి చేయవలెనో నిర్ణయించవలెను. ఆజ్ఞ తిరిగి కాలికి చేరవలెను. ఇందులో పోల్చుకొనుటకూ, నిర్ణయించుటకూ పట్టే కాలమే పెద్దది. డాండర్స్ అనే డచ్చి వైద్యుడు 1868లో ప్రకటించిన ప్రయోగాలలో ఈ సంగతి స్పష్టమైనది. ఒకే సంకేతానికి ఒకే పని చేయుమంటే మనిషి త్వరగా చేస్తాడు. రెండు సంకేతాలలో ఏది వచ్చినదో చూచి తగిన పని చేయుమంటే ఆలస్యమవుతుంది.

ఈ వ్యవధిని మీ ఇంట్లోనే కొలుచుకొనవచ్చును. పిల్లల బడి సంచిలో 30 సెంటీమీటర్ల స్కేలు ఉంటుంది. ఒకరు దానిని పై కొసన పట్టుకొని నిలువుగా వేలాడదీయండి. మరొకరు క్రింది కొస వద్ద, సున్నా గీతకు సరిగా, బొటనవ్రేలూ చూపుడువ్రేలూ తెరచి ఉంచండి, స్కేలును తాకరాదు. పట్టుకొన్నవారు చెప్పకుండా విడువవలెను. పడుతున్న స్కేలును రెండవవారు వ్రేళ్లతో పట్టవలెను. వ్రేళ్లు 15 సెంటీమీటర్ల గీతమీద పడితే మీకు పట్టిన కాలం సెకనులో సుమారు ఆరవ వంతు. 20 గీతమీద పడితే ఐదవ వంతు. స్కేలు పూర్తిగా జారిపోతే పావు సెకను దాటినదన్నమాట. పడే వస్తువు వేగానికి ప్రకృతి ఏర్పరచిన లెక్క ఇది. ఇందులో పొరపాటు లేదు.

ఇప్పుడు అదే ఆటను మరొక విధంగా ఆడండి. స్కేలు పట్టవలసిన వారిని, "పదిహేడు మూళ్లెంత?" అని అడిగి, వారు లెక్కించుకొంటూ ఉండగా విడువండి. ఇంతకుముందు చక్కగా పట్టిన చేయి ఇప్పుడు తడబడుతుంది. చాలమందికి స్కేలు మరింత దూరం జారిన తరువాతనే వ్రేళ్లు కలుస్తవి. చేయి అదే, కన్ను అదే, వెలుతురు అదే. మారినదల్లా మనస్సు ఉన్న తావు. మనస్సు మరొకచోట ఉన్నప్పుడు కండ్లు తెరచి ఉన్నా వాకిలి తెరచి ఇంట్లో ఎవరూ లేనట్లే.

ఇక రోడ్డుమీదకు వద్దాము. ఇంట్లో స్కేలు పడుతుందని మీకు ముందే తెలుసు. వ్రేళ్లు సిద్ధంగా ఉన్నవి. రోడ్డుమీద ఏది ఎప్పుడు ఎటునుండి వస్తుందో తెలియదు. పైగా కాలు ఒక పెడలు నుండి తీసి మరొక పెడలు మీద వేయవలెను. అందుచేత అక్కడ పట్టే కాలం సెకనులో ఐదవ వంతు కాదు. ముందే ఊహించి సిద్ధంగా ఉన్న డ్రైవరుకు ముప్పావు సెకను చాలవచ్చును. ఊహించనిది హఠాత్తుగా ఎదురైతే సెకనున్నర పట్టుట సహజం. అలసినవానికి ఇంకా ఎక్కువ. మన దేశంలో రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు ఇంకొంచెం ఉదారంగా రెండున్నర సెకన్లు లెక్కగట్టినారు. ఆ లెక్క ప్రకారమే, గంటకు 100 కిలోమీటర్ల వేగం కొరకు కట్టే రోడ్డుమీద డ్రైవరుకు ముందు 180 మీటర్ల దూరం నిరాటంకంగా కనిపించవలెనని నిర్దేశించినారు.

సెకనున్నరే తీసుకొని చూడండి. ఎడ్లబండి ఆ కాలంలో రెండు మీటర్లయినా కదలదు. 60 వేగంతో పోయే మోటారు 25 మీటర్లు పోతుంది. 80 వేగంలో 33 మీటర్లు. 100 వేగంలో 42 మీటర్లు. అంటే మూడున్నర బస్సులను వరుసగా నిలిపినంత దూరం. ఇదంతా బ్రేకు మీద కాలు పడకముందే గడచిపోయే దూరమని మరువకండి. అంతవరకు బండి ఏమాత్రం నెమ్మదించలేదు. బ్రేకు పడిన తరువాత ఆగుటకు మరికొంత దూరం కావలెను. ఆ దూరం వేగంతోబాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది.

ఈ లెక్కను మన రోడ్లమీది ఒక రాత్రికి అన్వయించి చూతము. పత్తి నింపుకొన్న ట్రాక్టరు ఒకటి ముందు పోతున్నది. దాని ట్రాలీకి వెనుక ఎర్రదీపం లేదు. ఎదుటి బండ్లు వస్తున్నందున మన హెడ్‌లైట్లు దించి వేసుకొన్నాము. దించిన దీపపు వెలుతురులో రంగులేని వస్తువు సుమారు 40, 50 మీటర్ల లోపు గాని కంటబడదు. మన వేగం 80. చూచి కాలు కదలించేసరికి 33 మీటర్లు గడచినవి. మంచి టైర్లు ఉండి, రోడ్డు పొడిగా ఉన్నా, ఆగుటకు మరి 36 మీటర్లు కావలెను. మొత్తం దాదాపు 70. కనిపించినది 50. ఆ లోటు 20 మీటర్లను ఏ నైపుణ్యమూ పూడ్చలేదు. అదే 60 వేగమైతే 25కు 20 కలిపి 45 మీటర్లలో బండి ఆగుతుంది. ట్రాక్టరు తన దారిన అది పోతుంది, మన దారిన మనము పోతాము. 40 కిలోమీటర్ల ప్రయాణంలో 80 వేగానికీ 60 వేగానికీ తేడా పది నిమిషాలు. ఆ పది నిమిషాల వెలకు ఇరువది మీటర్లకు పైగా దూరం కొనుక్కొన్నామన్నమాట. ఇంతకంటె చౌక బేరం ఏ సంతలోను దొరకదు.

ఇక్కడ శ్రోతలలో యువకులొకరు అడుగవచ్చును: "ఈ ప్రతిస్పందన కాలాన్నే తగ్గించుకొంటే సరిపోదా? సాధన చేస్తే చేయి చురుకెక్కదా?" అని. మంచి ప్రశ్న. దీనికి నిజమైన సమాధానం కొంత నిరాశ కలిగిస్తుంది. సెల్‌ఫోనులో దీపం వెలిగినప్పుడు మీట నొక్కే ఆటలున్నవి. వాటిని పదిరోజులు ఆడితే ఆ ఆటలో చురుకుదనం వస్తుంది. ఆ లాభం చాలవరకు ఆ ఆటకే పరిమితం. నరాల వేగాన్ని మనము మార్చలేము. ఇరవైలలో ఉన్నవారి చేయి అన్నిటికంటె చురుకైనది. ఆపైన వయస్సుతోబాటు అది మెల్లమెల్లగా తగ్గుతుంది. చురుకుదనమే రక్షించేదైతే కుర్రవాళ్లకు ప్రమాదాలే జరుగరాదు. నిజమేమిటో ప్రతి ఊరికీ తెలుసు.

మరి నిపుణుడైన డ్రైవరు వద్ద ఉన్నదేమిటి? క్రికెట్టు చూచేవారికి ఒక ఉదాహరణ చెపుతాను. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో విసరిన బంతి బ్యాటు వద్దకు చేరుటకు అర సెకనైనా పట్టదు. అందులో పావు సెకను చూచుటకే పోతుంది. అయినా మన హైదరాబాదు వి.వి.ఎస్. లక్ష్మణ్ వంటి ఆటగాడు తొందర లేనట్లు కొట్టేవాడు. అతడు బంతిని మాత్రమే చూడడు. బౌలరు పరుగు, భుజం, మణికట్టు చూస్తాడు. బంతి చేయి విడువకమునుపే అది ఎక్కడ పడుతుందో సగం తెలిసిపోతుంది. అతడు క్షణాన్ని కుదించలేదు, క్షణానికి ముందే బయలుదేరినాడు.

రోడ్డుమీద నేర్వవలసిన విద్య ఇదే. మంచి డ్రైవరు చూపు ముందు బండి వెనుక బంపరు మీద ఉండదు. దానిని దాటి, దాని ముందు బండిని, ఆ ముందున్న మలుపును చూస్తుంది. రోడ్డు ప్రక్క మట్టిదారిలో ఎర్రదుమ్ము లేస్తున్నది: ట్రాక్టరు రోడ్డెక్కబోతున్నది. ఒక గొర్రె దాటినది: మంద దాని వెనుకనే ఉన్నది, మందకాపరి ఇంకా వెనుక. పల్లె స్టేజీలో బస్సు ఆగి ఉన్నది: దిగినవారు బస్సు ముందునుండి హఠాత్తుగా రోడ్డు దాటుతారు. బంతి దొర్లివచ్చినది: పిల్లవాడు తరువాత వస్తాడు. ఎత్తు గడ్డ ఎక్కుతున్నాము: అవతల ఏమున్నదో తెలియదు, కాలు ఇప్పుడే బ్రేకు మీదికి చేరవలెను. వరికోతల నెలలలో రోడ్డు ఒకప్రక్క వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటవి. రాత్రిపూట ఆ రాళ్లే మోటారు సైకిలు వానికి మృత్యువు. ఈ ఊహలు ముందుగా చేసుకొన్న డ్రైవరుకు సెకనున్నర బదులు ముప్పావు సెకను చాలుతుంది. సగం కాలం ఆదా. ప్రతిస్పందన కాలాన్ని తగ్గించే సాధన ఏదైనా ఉన్నదంటే ఇదొక్కటే.

ఇంట్లో సైకిలు మోటారు నేర్చుకొనే పిల్లవాడు ఉంటే అతనికి ఒక అభ్యాసం చెప్పండి. మీరు నడిపే బండిలో ప్రక్కన కూర్చుండబెట్టి, రోడ్డుమీద తనకు కనిపించేదానిని, దానివలన ఏమి జరుగవచ్చునో పైకి చెప్పుమనండి. "ముందు ఆటో, చేయి ఎత్తినవారున్నరు, ఆగుతది." "ఎడమకు బడి, గంట కొట్టే యాళ్ళయింది." మొదట వానికి సగం కనిపించవు. నెల దాటేసరికి మీకు కనిపించనివి కూడా చెప్పగలడు.

నైపుణ్యమూ, అనుభవమూ ఉన్నవారిని సైతం ఒక్క క్షణం మోసగిస్తుందని మన జిల్లాలోనే ఒక విషాదం తెలిపినది. 1982లో నందమూరి తారక రామారావు గారు ఆంధ్రప్రదేశ్ అంతటా తిరిగిన చైతన్యరథానికి సారథి ఆయన కుమారుడు హరికృష్ణ గారు. వేల కిలోమీటర్లు ఆ రథాన్ని నడిపిన చేయి అది. 2018 ఆగస్టు 29 ఉదయం నల్లగొండ జిల్లా అన్నెపర్తి సమీపంలో, తాము స్వయంగా నడుపుతున్న కారు ప్రమాదానికి గురియై ఆయన మరణించినారు. నీళ్ల సీసా కొరకు మరలినప్పుడు కారు అదుపు తప్పినదనీ, సీటు బెల్టు పెట్టుకొనలేదనీ ఆనాడు పత్రికలు వ్రాసినవి. ఎంతటి సారథికైనా చూపు మరలినంతసేపు రోడ్డు లేనట్లే. అక్కడ చేయగలిగినది సీటు బెల్టు. మన స్పందన చాలనప్పుడు మన బదులు స్పందించేది అదే. మోటారు సైకిలు వానికి హెల్మెట్టు కూడ అట్టిదే.

ఇంతవరకు వ్యవధిని కాపాడుకొనుట చెప్పినాను. ఇక దానిని దొంగిలించే వారిని గురించి చెప్పవలెను. వారు ముగ్గురు: మద్యం, నిద్రలేమి, సెల్‌ఫోను.

మద్యం సంగతి అందరికీ తెలిసినదే. మోటారు వాహనాల చట్టం ప్రకారం నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి మద్యం ఉండి బండి నడుపుట నేరం. తెలియని సంగతి మరొకటి ఉన్నది. పదిహేడు గంటలకు పైగా నిద్రలేక మేలుకొని ఉన్నవాని చురుకుదనం, రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాని చురుకుదనంతో సమానంగా పడిపోతుందని శాస్త్రజ్ఞులు కొలిచి చూపినారు. తెల్లవారి ఐదింటికి లేచి, పగలంతా పనిచేసి, రాత్రి పదిన్నరకు స్టీరింగు పట్టినవాడు ఒక్క చుక్క త్రాగకపోయినా త్రాగినవానితో సమానుడు. పోలీసువారి గొట్టంలో ఊదితే వానికి ఏమీ తేలదు. చట్టానికి దొరకని మత్తు అది.

అందులోను రాత్రి రెండు మొదలు తెల్లవారి ఐదారు వరకు గల జాము కడు గడ్డుది. దేహంలోని గడియారం ఆ వేళ నిద్రనే కోరుతుంది. కన్ను తెరచి ఉండగానే రెండు మూడు సెకన్ల కునుకు పడుతుంది. పడినట్లు పడినవానికే తెలియదు. 80 వేగంలో మూడు సెకన్లంటే 67 మీటర్లు. పాలమూరు ప్రజలు 2013 అక్టోబరు 30వ తేదీని మరువలేరు. బెంగుళూరు నుండి హైదరాబాదు వస్తున్న బస్సు ఆనాటి తెల్లవారుజామున కొత్తకోట వద్ద పాలెంలో కల్వర్టు గోడను తాకి, మంటలు లేచి, 45 మంది సజీవదహనమైనారు. దీపావళి పండుగకు ఇండ్లకు చేరవలసినవారు వారిలో ఎందరో. ఆ దుర్ఘటనకు కారణాల తగవులోనికి నేను పోవడం లేదు. ఆ వేళ లోపల నిద్రిస్తున్నవారందరి ప్రాణాలూ మేలుకొని ఉన్న ఒక్కని రెప్పపాటు మీద ఆధారపడి ఉంటవని మాత్రమే మనవి చేస్తున్నాను.

నిద్ర వస్తున్నదంటే దానికి మందు నిద్రయే. ముఖం మీద నీళ్లు చల్లుకొనుట, కిటికీ తీయుట, పాట పెట్టుట: ఇవి కొద్ది నిమిషాల కంటె నిలువవు. చాయ త్రాగితే అది పనిచేయుటకు సుమారు అరగంట పడుతుంది. చాయ త్రాగి, రోడ్డుకు దూరంగా బండి నిలిపి, పావుగంట, ఇరవై నిమిషాలు కన్ను మూయుట ఉత్తమం. కునుకు పూర్తి అయ్యేసరికి చాయ కూడ పనిలోనికి దిగుతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉన్నది. లారీ డ్రైవరుకు నిద్రపోవలెనని లేదా? ఉన్నది. కాని సరుకు తెల్లవారేసరికి చేరవలెనని యజమాని, మార్కెట్టు తెరవకముందే దించవలెనని వర్తకుడు, పొద్దెక్కకముందు ఊరు చేర్చుమని మనము. ఈ సంగతి మన చట్టకర్తలు చాలకాలం క్రిందటనే గుర్తించినారు. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలబదియెనిమిది గంటలకు మించి పని ఉండరాదనీ, ఐదు గంటల పనికి పిమ్మట అరగంటయినా విశ్రాంతి ఉండవలెననీ నిర్దేశించినది. నరాలకు హద్దు ఉన్నదని చట్టమే ఒప్పుకొన్న మాట ఇది. రాత్రంతా ఒక్కనిచేత నడిపించి, ప్రమాదం జరిగిన మరునాడు "డ్రైవరు అజాగ్రత్త" అని ఒక్క మాటతో తేల్చివేయుట, గ్రీనిచ్‌లో ఆ సహాయకుని ఉద్యోగం ఊడబెరికినట్లే ఉన్నది. రెప్పపాటు డ్రైవరుదే. ఆ రెప్పను బరువెక్కించినవారు వేరే ఉన్నారు. బస్సు ఎక్కేటప్పుడు "ఎన్ని గంటలకు చేరుస్తావు?" అని అడుగుతున్నాము. "రెండవ డ్రైవరు ఉన్నాడా?" అని అడుగుట నేర్చుకొంటే యజమానులు కూడ విని తీరుతారు.

మూడవ దొంగ సెల్‌ఫోను. ఇది ఇంటివారి చేతిలో కూడ ఉన్నందున మీకు ముఖ్యంగా చెప్పవలెను. కొడుకు నల్లగొండలో పని ముగించుకొని మోటారు సైకిలు మీద ఇంటికి బయలుదేరినాడు. చీకటి పడినది. తల్లి మనస్సు ఆగదు. ఫోను చేస్తుంది: "యాడిదాక వచ్చినవ్ బిడ్డా?" ప్రేమతో వేసిన ప్రశ్నయే. కాని ఆ ప్రశ్న చెవిన పడిన క్షణంలో వాడు ఒంటిచేత్తో, మెడ వంచి, చీకటి రోడ్డుమీద ఉన్నాడు. ఇందాక స్కేలు పడుతుండగా అడిగిన "పదిహేడు మూళ్లెంత" కూ దీనికీ తేడా లేదు. చేతులు ఖాళీగా ఉంచి చెవిలో తీగ పెట్టుకొంటే సరిపోతుందని కొందరంటారు. మాట్లాడేది చేయి కాదు గదా, మనస్సు! ఇంటిలో ఒక కట్టుబాటు చేసుకోండి: బయలుదేరేటప్పుడు వాడే ఫోను చేయవలెను, చేరిన తరువాత వాడే చేయవలెను, నడుమ ఎవరూ చేయరాదు. మనస్సు ఆగనప్పుడు వాడు ఫోను ఎత్తకపోవడమే క్షేమవార్త అని నమ్మండి.

ముగించేముందు ఆచరణకు వీలైన మాటలు కొన్ని. ముందు బండికీ మీకూ నడుమ దూరాన్ని మీటర్లలో అంచనా కట్టుట కష్టం, సెకన్లలో కట్టండి. ముందు బండి ఒక చెట్టునో, కిలోమీటరు రాయినో దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నరెండు, వెయ్యిన్నమూడు" అని నిదానంగా లెక్కించండి. మూడు పూర్తికాకముందే మీరు ఆ రాయిని చేరితే మీరు దగ్గరగా ఉన్నారు. వానలో, మంచులో, రాత్రివేళ ఇంకొకటి రెండు చేర్చుకోండి. సంక్రాంతికి పంతంగి టోలుగేటు వద్ద బండ్లు బారులు తీరినప్పుడు, గేటు దాటగానే పోయిన కాలాన్ని పట్టుకొనవలెనని ప్రతివారికీ తొందర కలుగుతుంది. పోయిన కాలం పోయినదే. దానిని రోడ్డుమీద వెదకబోతే ఉన్న కాలం పోతుంది.

రైతు సోదరులు ట్రాక్టరు ట్రాలీ వెనుక మెరిసే ఎర్ర అట్టలు అంటించండి. దాని వెల కొద్దిరూపాయలు. అది వెనుక వచ్చేవానికి ఇచ్చేది నూరు మీటర్ల ముందస్తు వార్త. వడ్లు ఆరబోసిన చోట చీకటిపడకముందే రాళ్లు తీసివేయండి. ఇవి కూడ ప్రతిస్పందన కాలాన్ని పెంచి ఇచ్చే దానాలే. మీరు చేసిన మేలు మీకు ఎన్నడూ తెలియదు. ఆ బాటసారి క్షేమంగా ఇంటికి పోతాడు, అంతే.

2022 సంవత్సరంలో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ లెక్క. ఇది పెద్ద అంకె. పెద్ద అంకెలు మనస్సుకు అందవు. అందేది చిన్న అంకె, సెకనున్నర. దానిని ఎవరూ తగ్గించలేరు, ఎవరూ కొనలేరు. మనము చేయగలిగినది దాని ముందు కొంత కాలాన్ని, దాని చుట్టూ కొంత చోటును ఉంచుకొనుట మాత్రమే. వేగం తగ్గిస్తే చోటు వస్తుంది. ముందుచూపుతో నడిపితే కాలం వస్తుంది. నిండుగా నిద్రపోయి బయలుదేరితే రెండూ మిగులుతవి.